అప్‌గ్రేడ్ అయ్యాక లౌంజ్‌లోకి రానిస్తారా? గుమ్మం దాకా వెళ్లకముందే తేల్చుకోవడం ఎలా

చెక్-ఇన్ కౌంటర్‌లో కూర్చున్న అమ్మాయి తలెత్తి "మీకు బిజినెస్‌లో సీటు ఇచ్చామండీ" అంటే ఎవరికైనా మనసు తేలికవుతుంది. నాకూ అలాగే అయింది. కొత్త బోర్డింగ్ పాస్ పట్టుకుని నేరుగా లౌంజ్‌కి, అంటే విమానాశ్రయంలో కొందరికే ప్రవేశముండే విశ్రాంతి గదికి, వెళ్లాను. డెస్క్ దగ్గర పాస్ స్కాన్ చేసి, స్క్రీన్ చూసి, "మీరు కొన్నది ఎకానమీ టికెట్ కదండీ, ఎయిర్‌లైన్ వాళ్లే పైకి మార్చారు, దీనికి లౌంజ్ రాదు" అన్నారు. వెనక క్యూలో ఉన్నవాళ్లు చూస్తుండగా బ్యాగు లాక్కుంటూ బయటికి రావడం చాలా బాధనిపించింది. ఆ డెస్క్‌లో ఉన్నామె తప్పేం లేదు. నిబంధన అదే. కౌంటర్ దగ్గరే నేను ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది.

ఆ ఒక్క మాట ఏమిటో, దాని వెనక లెక్క ఏమిటో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ముందుగా గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది: సీటు మారడం వేరు, టికెట్ మారడం వేరు. విమానం లోపల మీకు దక్కేవి, అంటే వెడల్పాటి సీటు, భోజనం, దుప్పటి లాంటివి, సీటును బట్టి వస్తాయి. విమానం బయట దక్కేవి, అంటే లౌంజ్, అదనపు లగేజీ లాంటివి, ఆ సీటు మీకు ఏ దారిలో వచ్చిందన్నదాన్ని బట్టి వస్తాయి. ఎందుకంటే లౌంజ్‌లో మీరు కూర్చున్నందుకు ఎవరో ఒకరు లెక్క కట్టుకోవాలి. ఆ ఖర్చు ఎవరి ఖాతాలో పడుతుందన్నది తేలితే చాలావరకు జవాబు దొరికినట్టే.

మొదటి పని: మీది ఏ రకం అప్‌గ్రేడో తెలుసుకోండి

అన్నిటికంటే ఎక్కువ సమయం దీనికే పెట్టండి. మిగతావన్నీ దీని మీదే ఆధారపడి ఉన్నాయి.

టికెట్ కొన్నాక మనసు మార్చుకుని, రెండు తరగతుల మధ్య తేడా డబ్బు కట్టి మార్పించుకున్నారనుకోండి. అప్పుడు పాత టికెట్ రద్దయి, బిజినెస్ తరగతిలో కొత్త టికెట్ వస్తుంది. దీన్నే రీఇష్యూ అంటారు. ఇక మీరు మొదటి నుంచీ బిజినెస్ టికెట్ కొన్నవాళ్లతో సమానం. లౌంజ్ దాదాపు ఖాయం. అయితే ఇక్కడ ఒక చిక్కుంది. ఈ మధ్య కొన్ని ఎయిర్‌లైన్స్ బిజినెస్ క్లాస్‌లోనే చౌక రకం టికెట్లు అమ్ముతున్నాయి, వాటిలో లౌంజ్ ఉండదు. ఎమిరేట్స్ బిజినెస్ 'స్పెషల్', ఖతార్ ఎయిర్‌వేస్ బిజినెస్ 'లైట్', ఫిన్ ఎయిర్ బిజినెస్ 'లైట్' ఈ కోవలోవే. కాబట్టి తేడా కట్టేటప్పుడు 'బిజినెస్' అన్న మాట దగ్గరే ఆగిపోకుండా, దాని పక్కన ఉన్న రెండో మాట కూడా చదవండి. ఈ పేర్లూ షరతులూ మారుతుంటాయి. కట్టే రోజున స్క్రీన్ మీద ఉన్నదే చెల్లుతుంది.

మైళ్లు లేదా పాయింట్లు ఖర్చుపెట్టి అప్‌గ్రేడ్ చేయించుకుంటే కూడా ఎక్కువ ఎయిర్‌లైన్స్ లౌంజ్ ఇస్తాయి. మైళ్లు కూడా వాళ్ల దృష్టిలో డబ్బే. ఇక్కడ చూడాల్సింది, ఆ అప్‌గ్రేడ్ ఖరారైందా, వెయిటింగ్ లిస్ట్‌లో ఉందా అని. వెయిటింగ్‌లో ఉన్నంతసేపు మీరు ఎకానమీ ప్రయాణికులే. గేటు దగ్గర పేరు పిలిచి సీటిచ్చే సమయానికి లౌంజ్‌కి వెళ్లే వ్యవధే ఉండదు.

బిడ్ వేసి, అంటే ఇంత ఇస్తానని మీరే ధర చెప్పి, గెలుచుకున్నవీ, ప్రయాణానికి రెండు మూడు రోజుల ముందు యాప్‌లో 'ఇంత కడితే బిజినెస్' అని వచ్చే ఆఫర్లూ మరో రకం. నాకు తెలిసి ఎక్కువ మంది పొరబడేది వీటి దగ్గరే. మీరు కట్టిన డబ్బుకు చాలాసార్లు కొత్త టికెట్ ఇవ్వరు. ఈఎండీ అని ఒక అదనపు రసీదు ఇస్తారు. అసలు టికెట్ మాత్రం ఎకానమీ ధరలోనే ఉండిపోతుంది. అందుకే ఈ రకంలో లౌంజ్, లగేజీ రెండూ ఆ ఆఫర్ షరతుల్లో ఏం రాశారో దాన్నిబట్టే ఉంటాయి. కొన్నిచోట్ల లౌంజ్ ఇచ్చి లగేజీ పాతదే ఉంచుతారు. కొన్నిచోట్ల రెండూ ఇస్తారు. కొన్నిచోట్ల సీటు తప్ప ఏదీ ఇవ్వరు. బిడ్ వేసే ముందు షరతుల పేజీలో 'లౌంజ్' అన్న మాట వెతికి చదవండి. ఆ పేజీ స్క్రీన్‌షాట్ ఫోన్‌లో ఉంచుకోండి, తర్వాత పనికొస్తుంది. లౌంజ్ లేదని తేలితే బిడ్ మొత్తం ఆ మేరకు తగ్గించుకోవడం న్యాయం.

ఎలైట్ సభ్యులకు, అంటే తరచూ ప్రయాణించి పై హోదా తెచ్చుకున్నవాళ్లకు, ఉచితంగా ఇచ్చే అప్‌గ్రేడ్‌లు ఎక్కువగా అమెరికా ఎయిర్‌లైన్స్‌లో కనిపిస్తాయి. అక్కడ మరో సంగతి గుర్తుంచుకోవాలి. అమెరికన్, డెల్టా, యునైటెడ్ విమానాల్లో మామూలు దేశీయ మార్గాల మీద ఫస్ట్ క్లాస్ టికెట్‌ను డబ్బు పెట్టి కొన్నా, దాన్ని చూపించి లౌంజ్‌లోకి వెళ్లలేరు. ఒక తీరం నుంచి మరో తీరానికి నడిపే కొన్ని ప్రత్యేక సర్వీసులు మాత్రం మినహాయింపు. కొన్నవాళ్లకే లేనప్పుడు అప్‌గ్రేడ్ అయినవాళ్లకు రాలేదని బాధపడాల్సిన పని లేదు.

ఇక నాకు జరిగింది ఆపరేషనల్ అప్‌గ్రేడ్. ఎకానమీలో ఉన్న సీట్లకంటే ఎక్కువ టికెట్లు అమ్మినప్పుడు, లేదా విమానం మారి సీట్ల లెక్క తప్పినప్పుడు, ఎయిర్‌లైన్ తన ఇబ్బంది తీర్చుకోవడానికి కొందరిని పైకి మారుస్తుంది. మీరు అడగలేదు, పైసా కట్టలేదు. చాలా ఎయిర్‌లైన్స్ లెక్కలో ఇలాంటప్పుడు లౌంజ్ హక్కు మీరు మొదట కొన్న తరగతిని బట్టే ఉంటుంది. ఐరోపా సమాఖ్య 2004లో తెచ్చిన 261వ నిబంధన ప్రకారం ఇలా పైకి మార్చినందుకు ప్రయాణికుడి దగ్గర అదనంగా డబ్బు అడగకూడదు. కానీ అందులో లౌంజ్ ప్రస్తావన లేదు. ఇక్కడ లౌంజ్ దొరికితే అది వాళ్ల మర్యాద. విమానం ఎక్కాక సిబ్బంది ముందుకు మార్చితే ఆ విమానం వరకు లౌంజ్ ప్రశ్నే రాదు.

రెండో పని: కొత్త బోర్డింగ్ పాస్ తీసుకోండి

అప్‌గ్రేడ్ ఖరారైందని మెసేజ్ వచ్చినా, అంతకుముందే డౌన్‌లోడ్ చేసుకున్న పాస్ ఫోన్‌లో అలాగే ఉండిపోతుంది. దాన్నే చూపిస్తే లౌంజ్‌లో తిరస్కరిస్తారు. అర్హత ఉండి కూడా వెనక్కి రావడమంటే ఇదే. ఎందుకిలా జరుగుతుందో కాస్త వివరంగా చెబుతాను.

బోర్డింగ్ పాస్ మీద ఉండే చుక్కల బార్‌కోడ్‌లో ఏముండాలో అంతర్జాతీయ విమాన రవాణా సంఘం, అంటే అయాటా, ఒక పద్ధతి పెట్టింది. అందులో మీ పేరు, బుకింగ్ నంబరు, ఎక్కే దిగే విమానాశ్రయాలు, విమానం నంబరు, సీటు నంబరు ఉంటాయి. తేదీ కూడా ఏడాదిలో ఎన్నో రోజో లెక్కగా ఉంటుంది, ఫిబ్రవరి 1 అంటే 032 అన్నట్టు. వీటితో పాటు ప్రయాణ తరగతిని చెప్పే ఒక్క అక్షరం ఉంటుంది. మీ సభ్యత్వ నంబరు ఇచ్చి ఉంటే అదీ చేరుతుంది. లౌంజ్ డెస్క్‌లో ఉన్న యంత్రం చదివేది వీటినే. ఎకానమీకి సాధారణంగా 'వై', బిజినెస్‌కు 'జే' లేదా 'సీ', ఫస్ట్‌కు 'ఎఫ్' కనిపిస్తాయి. రాయితీ టికెట్లకు ఇంకా వేరే అక్షరాలు ఉంటాయి. పాత పాస్‌లో ఆ అక్షరం ఎకానమీదే కాబట్టి యంత్రం ఒప్పుకోదు.

యాప్‌లో పాత పాస్ తీసేసి మళ్లీ తెరవండి. సీటు నంబరూ తరగతి పేరూ రెండూ మారాయో లేదో చూడండి. సీటు మారి తరగతి మారకపోతే కౌంటర్‌కి వెళ్లి కాగితం మీద కొత్త పాస్ అడగండి. ఈమెయిల్‌లో వచ్చిన ఈ-టికెట్ రసీదు కూడా తెరిచి చూడండి. అప్‌గ్రేడ్ తర్వాత కొత్త 13 అంకెల టికెట్ నంబరు వచ్చిందంటే రీఇష్యూ అయినట్టే.

మూడో పని: కౌంటర్ దగ్గరే అడగండి, ఇలా అడగండి

"నాకు లౌంజ్ ఉందా?" అని అడిగితే హడావిడిలో ఉన్న సిబ్బంది "ఉంటుందండీ, వెళ్లండి" అనేస్తారు. తమకూ అలాగే చెప్పారని తర్వాత చాలామంది నాతో అన్నారు. మూడు ముక్కలుగా అడగండి. "ఈ అప్‌గ్రేడ్‌తో లౌంజ్ ప్రవేశం ఉందా? ఉంటే ఏ లౌంజ్, ఏ టెర్మినల్‌లో? దానికి ఆహ్వాన పత్రం ఏమైనా కావాలా?"

మూడో ముక్క చాలా ముఖ్యం. ఎయిర్‌లైన్‌కి ఆ విమానాశ్రయంలో సొంత లౌంజ్ లేకపోతే, వేరేవాళ్లు నడిపే లౌంజ్‌తో ఒప్పందం చేసుకుంటుంది. పంపిన ప్రతి మనిషికీ ఇంత అని చెల్లిస్తుంది. అలాంటిచోట బోర్డింగ్ పాస్ ఒక్కటే సరిపోకపోవచ్చు. కౌంటర్‌లో ఒక చీటీ ఇస్తారు, లేదా పాస్ మీద లౌంజ్ పేరు ముద్రిస్తారు. చీటీ లేకుండా సెక్యూరిటీ దాటి లోపలికి వెళ్లిపోతే మళ్లీ వెనక్కి వచ్చి తెచ్చుకోవడం దాదాపు అసాధ్యం.

ఆపరేషనల్ అప్‌గ్రేడ్ అయితే, హక్కు లేదని తెలిసినా మర్యాదగా అడగడంలో తప్పు లేదు. "మీకు వీలైతే లౌంజ్ చీటీ కూడా ఇప్పించగలరా?" అంటే చాలు. సొంత లౌంజ్ ఖాళీగా ఉంటే కొందరు ఇస్తారు. లేదంటే థ్యాంక్స్ చెప్పి వచ్చేయండి. ఎందుకివ్వరని వాదనకు దిగకండి. సీటు ఇచ్చింది కూడా వాళ్లే.

నాలుగో పని: మీ దగ్గర వేరే తాళం ఉందేమో చూసుకోండి

అప్‌గ్రేడ్ వల్ల రాని లౌంజ్ మరో దారిలో రావచ్చు. విమానయాన కూటముల (కొన్ని ఎయిర్‌లైన్స్ కలిసి పెట్టుకున్న జట్ల) స్టేటస్, అంటే తరచూ ప్రయాణించేవాళ్లకు ఇచ్చే హోదా, అన్నిటికంటే బలమైనది. స్టార్ అలయన్స్ గోల్డ్, వన్‌వరల్డ్ సఫైర్ లేదా ఎమరాల్డ్, స్కైటీమ్ ఎలైట్ ప్లస్, వీటిలో ఏది ఉన్నా మీరు ఎకానమీలో కూర్చున్నా లౌంజ్ వస్తుంది. ఇక అప్‌గ్రేడ్ ఏ రకమన్న గొడవే ఉండదు. డెస్క్‌లో అప్‌గ్రేడ్ సంగతి ఎత్తకుండా "స్టార్ గోల్డ్ మీద వచ్చాను" అని నేరుగా చెప్పండి. అయితే సభ్యత్వ నంబరు బుకింగ్‌లో చేరి ఉండాలి. అప్‌గ్రేడ్ ప్రాసెస్ చేసేటప్పుడు అది ఎగిరిపోయిందేమో కొత్త పాస్ మీద ఒకసారి సరిచూసుకోండి.

దీనికీ హద్దులున్నాయి. స్కైటీమ్‌లో ఆ రోజు అంతర్జాతీయ ప్రయాణం ఉండాలి. యునైటెడ్ ఎయిర్‌లైన్స్ సొంత సభ్యత్వ కార్యక్రమంలో గోల్డ్ స్టేటస్ ఉన్నవాళ్లకు కేవలం అమెరికా లోపలి ప్రయాణమైతే యునైటెడ్ క్లబ్ (వాళ్ల మామూలు లౌంజ్) రాదు. అమెరికన్ ఎయిర్‌లైన్స్ సభ్యులకు కూడా దేశీయ ప్రయాణాల మీద అలాంటి ఆంక్షే ఉంది. విమానం నడిపేది ఎవరన్నదీ చూడాలి. టికెట్ మీద ఒక ఎయిర్‌లైన్ పేరుండి, విమానం కూటమిలో లేని మరో సంస్థది అయితే స్టేటస్ పనిచేయకపోవచ్చు.

తిరకాసుగా, స్టేటస్ కంటే సీటే ముఖ్యమైన లౌంజ్‌లూ ఉన్నాయి. యునైటెడ్ పొలారిస్ లౌంజ్‌లు అలాంటివి. మొదటిది 2016 డిసెంబరులో షికాగో ఓహేర్‌లో తెరిచారు. అక్కడ స్టార్ గోల్డ్ కార్డు ఒక్కటే చూపిస్తే రానివ్వరు. సుదూర అంతర్జాతీయ ప్రయాణంలో బిజినెస్ సీటు ఖరారై ఉండాలి. అందుకే అలాంటి మార్గంలో అప్‌గ్రేడ్ వెయిటింగ్‌లో ఉంటే, ఖరారయ్యే దాకా మామూలు క్లబ్‌లో కూర్చుని, ఖరారయ్యాక కొత్త పాస్‌తో అటు వెళ్లడం మంచి పద్ధతి.

స్టేటస్ లేనివాళ్లు జేబులో ఉన్న క్రెడిట్ కార్డుతో వచ్చే సభ్యత్వాలు చూసుకోండి. వాటికి మీ తరగతితో సంబంధం లేదు. మిగిలిన ఉచిత ప్రవేశాలు ఎన్ని ఉన్నాయో, ఆ టెర్మినల్‌లో ఏ లౌంజ్‌కి చెల్లుతాయో ఇంట్లో ఉన్నప్పుడే యాప్‌లో చూసిపెట్టుకోండి. రద్దీ వేళల్లో కార్డు మీద వచ్చేవాళ్లను ముందు ఆపుతారన్నది కూడా మనసులో ఉంచుకోండి.

ఐదో పని: వెంట ఉన్నవాళ్ల గురించి ముందే ఆలోచించండి

అప్‌గ్రేడ్ ఒకరికే వచ్చి మిగతా కుటుంబం ఎకానమీలో ఉన్నప్పుడు చాలామంది అందరూ కలిసి లౌంజ్‌కి వెళ్లొచ్చనుకుంటారు. స్టార్ అలయన్స్‌లోనూ వన్‌వరల్డ్‌లోనూ బిజినెస్ క్లాస్ ప్రయాణికుడికి అతిథిని తీసుకెళ్లే హక్కు లేదు. ఫస్ట్ క్లాస్‌కి ఒకరిని అనుమతిస్తారు. అదే పైన చెప్పిన స్టేటస్ మీద వెళ్తే ఒక అతిథిని తీసుకెళ్లొచ్చు, ఆ అతిథికీ కూటమి విమానంలో ప్రయాణం ఉండాలి. అంటే ఇంటి మనుషుల్ని వెంట తీసుకెళ్లాలనుకుంటే స్టేటస్ బిజినెస్ సీటు కంటే మేలు. చంటిబిడ్డల్ని సాధారణంగా లెక్కలోకి తీసుకోరు, పెద్ద పిల్లల్ని అతిథులుగానే లెక్కిస్తారు. పెద్దవాళ్లతో ప్రయాణిస్తూ ఉంటే నా సలహా ఒక్కటే: సీటు మార్చుకునే వీలుంటే బిజినెస్ సీటు వాళ్లకు ఇప్పించండి, కానీ అది కౌంటర్ దగ్గరే చేయించండి. లౌంజ్ కూడా వాళ్ల పేరు మీదికి మారుతుందో లేదో అక్కడే అడగండి.

ఆరో పని: రెండు విమానాలుంటే ఏది అప్‌గ్రేడ్ అయిందో చూసుకోండి

చాలాసార్లు రెండు విమానాల్లో ఒకటే అప్‌గ్రేడ్ అవుతుంది. ఎక్కువ దూరం వెళ్లే రెండో విమానం బిజినెస్ అయి, తక్కువ దూరం వెళ్లే మొదటి విమానం ఎకానమీ అయితే ఎక్కడ లౌంజ్ వస్తుంది? మీ రకం అప్‌గ్రేడ్‌కి లౌంజ్ ఉంటే, బిజినెస్ విమానం ఎక్కే ఊళ్లో వస్తుంది. బయల్దేరే ఊళ్లోనూ రావాలంటే కూటమి నియమం సహకరించాలి. వన్‌వరల్డ్‌లో సుదూర అంతర్జాతీయ విమానంలో బిజినెస్ లేదా ఫస్ట్ ఉంటే, అదే రోజు లేదా మర్నాడు ఉదయం 6 గంటల లోపు కలిసే తక్కువ దూరం విమానానికి కూడా లౌంజ్ ఇస్తారు. అప్పుడు డెస్క్‌లో రెండు బోర్డింగ్ పాస్‌లూ కలిపి చూపించాలి. తక్కువ దూరం విమానం పాస్ ఒక్కటే ఇస్తే యంత్రం దాన్నే చదివి కాదంటుంది. రెండో పాస్ ఇంకా చేతికి రాకపోతే ఖరారైన బుకింగ్ చూపించండి. రెండు టికెట్లు వేర్వేరుగా కొంటే కాస్త ఎక్కువ వివరించాల్సి రావచ్చు.

దిగిన ఊళ్లో స్నానం, ఫలహారం ఉండే అరైవల్ లౌంజ్‌లు వేరు. వాటి నియమాలు ఇంకా కఠినం. అప్‌గ్రేడ్ అయినవాళ్లు వాటి గురించి విడిగా అడగాలి.

డెస్క్ దగ్గర కాదంటే

మొదట కారణం అడగండి. "పాస్ ఎకానమీ అని చూపిస్తోందా, లేక ఈ రకం అప్‌గ్రేడ్‌కి లేదంటున్నారా?" ఈ రెండిటికీ దారులు వేరు. మొదటిదైతే సాంకేతిక సమస్య. బదిలీ కౌంటర్‌లోనో, గేటు దగ్గరో కొత్త పాస్ తీసుకుని వస్తే సరిపోతుంది. రెండోదైతే, మీరు దాచుకున్న ఆఫర్ షరతుల స్క్రీన్‌షాట్ చూపించండి. అందులో లౌంజ్ ఉందని రాసి ఉంటే డెస్క్ వాళ్లు ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి కనుక్కోవచ్చు. ఇతరులు నడిపే లౌంజ్‌లో సిబ్బందికి ఆ అధికారం ఉండదు. ఎయిర్‌లైన్ నుంచి మాట వస్తేనే రానిస్తారు. వాళ్ల మీద కోపగించుకుని లాభం లేదు.

అప్పటికీ కుదరకపోతే, షరతుల్లో రాసింది మీకు దక్కలేదని ప్రయాణం అయ్యాక ఎయిర్‌లైన్‌కి రాయండి. బోర్డింగ్ పాస్ ఫొటో, ఈఎండీ నంబరు, ఆ స్క్రీన్‌షాట్, తిరస్కరించిన సమయం, లౌంజ్ పేరు జతచేయండి. ఆ పూట డబ్బు కట్టి వేరే లౌంజ్‌కి వెళ్లి ఉంటే దాని రసీదు కూడా పెట్టి ఆ మొత్తం తిరిగి అడగండి. పొడవాటి ఫిర్యాదు కంటే ఈ ఆధారాలే ఎక్కువ పనిచేస్తాయి.

దీనికి తిరగబడిన సందర్భం కూడా చెప్పాలి. బిజినెస్ టికెట్ కొన్నవారిని సీట్లు చాలక ఎకానమీకి దించితే, కొన్న తరగతిని బట్టి లౌంజ్ ఇవ్వమని తప్పక అడగండి. పైకి మార్చినప్పుడు ఏ నియమం చెప్పారో, కిందికి దించినప్పుడూ అదే నియమం వర్తించాలి కదా.

లోపలికి వెళ్లాక

సమయం మీద కూడా ఆంక్షలుంటాయి. డెల్టా స్కై క్లబ్‌లోకి బయల్దేరే సమయానికి 3 గంటల కంటే ముందు రానివ్వరు, కనెక్టింగ్ ప్రయాణికులకు మినహాయింపు ఉంది. మిగతాచోట్ల కూడా రెండు మూడు గంటల పరిమితి మామూలే. స్టార్ అలయన్స్ గోల్డ్ వాళ్లకు అదే రోజు, లేదా మర్నాడు తెల్లవారుజామున 5 గంటల లోపు బయల్దేరే విమానం ఉండాలి.

చాలా లౌంజ్‌లలో విమానం పిలుపులు మైకులో చెప్పరు. మీ గేటు ఎంత దూరమో డెస్క్‌లో అడిగి, బోర్డింగ్ సమయానికి అంత ముందుగా ఫోన్‌లో అలారం పెట్టుకోండి. అప్‌గ్రేడ్ చివరి నిమిషంలో జరిగి ఉంటే, లౌంజ్‌లో ఉన్నంతసేపూ ఎయిర్‌లైన్ యాప్ ఒకటి రెండుసార్లు తెరిచి చూడండి. సీటు నంబరు మళ్లీ మారే అవకాశం గేటు మూసే దాకా ఉంటుంది, మారితే గేటు దగ్గర కొత్త పాస్ అడగాల్సి వస్తుంది.